పాతకాలం బేరాల ముచ్చట్లు పెద్దోళ్ళ దగ్గర ఎట్ల రాబట్టాలి: ఐర్లాండ్ బడిపిల్లల పద్ధతి

ఇంట్లో డెబ్బై అయిదో ఎనభయ్యో దాటిన నానమ్మో తాతో ఉండి, ఊళ్ళో పుట్టి పెరిగి ఇప్పుడు మీతోపాటు మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో ఫ్లాట్‌లో ఉంటుంటే, ఇది మీకోసమే రాస్తున్నా. వాళ్ళ చిన్నతనంలో ఉప్పు ఎట్ల కొన్నారు, ఎద్దును ఎట్ల అమ్మారు, చేతిల పైసల్లేనప్పుడు దుకాణం సేటు ఏమనేటోడు, గింజలు కొలిచేటప్పుడు ఎవరి చెయ్యి ఎటు వంగేది, ఇవన్నీ వాళ్ళ తలకాయల్లోనే ఉన్నాయి, రాసిపెట్టినోళ్ళు చాలా తక్కువ. రాజుల గురించి పోరాటాల గురించి పుస్తకాలు దొరుకుతాయి గానీ, బెల్లం గడ్డ కోసం మీ నానమ్మ ఇంట్లోంచి ఏం పట్టుకపోయి ఇచ్చిందో ఆమే చెప్పాలి.

దీనికి నాకు తెలిసినంతలో మంచి దారి చూపింది ఐర్లాండ్ వాళ్ళు. అక్కడ 1935లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ అని పెట్టారు, వాళ్ళు 1937 నుంచి 1939 దాకా ఒక స్కీమ్ నడిపారు. ప్రైమరీ స్కూళ్ళలో పెద్ద క్లాసుల పిల్లలు, అంటే పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళు, ఇంటికి పోయి తాతల్ని అమ్మమ్మల్ని పక్కింటి ముసలోళ్ళని అడిగి, విన్నది నోట్‌బుక్‌లో రాసుకొని రావాలి. ఏ టాపిక్ మీద ఏమేం అడగాలో టీచర్లకు చిన్న బుక్‌లెట్ కూడా ఇచ్చారు. 26 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), 5,000 స్కూళ్ళు, 50,000 మందికి పైగా పిల్లలు, వచ్చిన పేజీలు దాదాపు 7,40,000. దాంట్లో దయ్యాల కథలు, ఇంటి వైద్యాలు, ఆటలు ఉన్నట్టే "కొనడం అమ్మడం" అని కూడా ఒక టాపిక్ ఉంది. ఆ పేజీలన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టారు, ఐరిష్ స్కూల్స్ కలెక్షన్ అని సెర్చ్ కొడితే వచ్చేస్తది, పిల్లల చేతిరాత అట్లే కనిపిస్తది, చాలా పేజీలు టైప్ చేసి కూడా పెట్టారు. మీరు మొదలుపెట్టే ముందు ఆ టాపిక్ కింద కొన్ని పేజీలు చదవండి, ప్రశ్న ఎంత చిన్నగా ఉంటే జవాబు అంత బాగా వస్తదని అర్థమైతది.

అక్కడి పల్లెటూళ్ళ గురించి ఆ పిల్లలు రాసింది చదివితే మనకేం కొత్తగా అనిపించదు, అదే నాకు చాలా నచ్చింది. దుకాణాలు దూరం దూరంగా ఉండేవి, ఆదివారం చర్చికి పోయొచ్చేటప్పుడే సామాన్లు కొనుక్కొని వచ్చేటోళ్ళు. ఇంటి ఆడవాళ్ళు కోడిగుడ్లు, వెన్న పట్టుకపోయి దుకాణంలో ఇచ్చి దానికి బదులు చాయపత్తి, చక్కెర తెచ్చుకునేటోళ్ళు, గుడ్ల మీద వచ్చింది ఆమె సొంతం, ఇల్లు దాంతోనే నడిచేది. పైసలు లేకపోతే దుకాణపాయన ఖాతాలో రాసుకుంటాడు, మళ్ళా పంది అమ్మినప్పుడో పంట చేతికొచ్చినప్పుడో తీర్చాలి. కొందరు అప్పుకు బదులు దుకాణపాయన పొలంలో పనిచేసి తీర్చేటోళ్ళు. సూదులు దారాలు దేవుడి పటాలు మూట కట్టుకొని ఊరూరా తిరిగి అమ్మేటోళ్ళు వేరే, పాత బట్టలు తీసుకొని కప్పులు సాసర్లు ఇచ్చేటోళ్ళు వేరే, పరుపుల కోసం కోడి ఈకలు బాతు ఈకలు కొనుక్కపోయేటోళ్ళు వేరే. మన గల్లీల్లో పాత బట్టలకు స్టీల్ సామాన్లు ఇస్తామని అరుచుకుంటూ వచ్చే ఆమె గుర్తుకొచ్చిందా? మీ నానమ్మకు కూడా గుర్తుకొస్తది, అక్కడే మొదలుపెట్టొచ్చు.

అన్నిటికంటే ముచ్చటైంది పశువుల అంగడి. అక్కడ దాన్ని ఫెయిర్ అంటారు, టౌన్ మధ్య రోడ్డు మీదే జరిగేది. రైతు అర్ధరాత్రో తెల్లారుజామునో లేచి చీకట్లో ఆవును తోలుకుంటూ మైళ్ళకు మైళ్ళు నడిచి వస్తాడు. కొనేటాయన చూస్తాడు, చుట్టూ తిరుగుతాడు, వీపు మీద చెయ్యేస్తాడు, చానా తక్కువ రేటు చెప్తాడు. అమ్మేటాయన మొహం తిప్పుకుంటాడు, కొనేటాయన వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులేస్తాడు. అప్పుడు మధ్యలో ఒక దలాల్ వస్తాడు, ఇద్దరి చేతులు పట్టుకొని దగ్గరికి లాగుతాడు, తేడా చెరిసగం చేసుకోండయ్యా అంటాడు, వీళ్ళు చేతులు లాక్కుంటారు, ఆయన మళ్ళా పట్టుకుంటాడు. చివరికి అరచేతిలో ఉమ్మేసుకొని చేతిలో చెయ్యి చప్పున కొడతారు, అంతే, బేరం ఖాయం, ఇంక ఎవరూ మాట తప్పొద్దు. కొన్న ఆవు మీద గుర్తుకు కాస్త బురద పూస్తారు, లేదా కత్తెరతో వెంట్రుకలు కొంచెం కత్తిరిస్తారు. పైసలు తర్వాత పబ్‌లో కూర్చొని లెక్క పెట్టుకుంటారు, అప్పుడు అమ్మినాయన తీసుకున్న పైసల్లోంచి కొంత తీసి కొన్నాయనకు వాపస్ ఇస్తాడు, అది అదృష్టం కోసం, ఇవ్వకపోతే ఆ ఆవు కలిసిరాదని నమ్మకం. కెర్రీ కౌంటీలో కిల్లార్గ్లిన్ అనే టౌన్‌లో ఆగస్ట్ 10, 11, 12 తారీఖుల్లో పక్ ఫెయిర్ ఇప్పటికీ జరుగుతది, ఒక మేకపోతును రాజును చేసి ఎత్తున కూర్చోబెడతారు. బాలినస్లో అనే ఇంకో టౌన్‌లో అక్టోబర్‌లో గుర్రాల ఫెయిర్ కూడా ఇప్పటికీ ఉంది.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఈ ముచ్చట ఇట్ల అడుగడుగునా దొరకడానికి కారణం అడిగిన పద్ధతే. "పాతకాలంలో వ్యాపారం ఎట్లుండేది" అని అడిగితే ఎవరైనా "మంచిగుండేది బిడ్డా, ఇప్పటోలె మోసాలు లేవు" అని ఒక్క ముక్కలో ముగిస్తారు. అదే "తాతా, ఎద్దును కొనేముందు పండ్లు ఎట్ల చూసేటోళ్ళు?" అని అడగండి, మనిషి కూర్చున్న చోట ముందుకు జరుగుతాడు. ఆ తర్వాత ఎద్దు ఒంటి మీద వెంట్రుకల సుడులు ఎక్కడుంటే మంచిది, తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్ళతో రేటు చెప్పుకునేటోళ్ళా, దలాలికి ఎవరు ఇచ్చేటోళ్ళు అమ్మినాయనా కొన్నాయనా, పలుపుతాడు ఎద్దుతోపాటు ఇచ్చేటోళ్ళా లేక విప్పుకొని ఇంటికి తెచ్చుకునేటోళ్ళా, బయానా ఎంత ఇచ్చేటోళ్ళు, బయానా ఇచ్చినంక మనసు మారితే ఏమయ్యేది, ఒకదాన్ని పట్టుకొని ఇంకోటి అడుగుతూ పోవాలి. పలుపుతాడు ప్రశ్న మాత్రం మర్చిపోకండి, చిన్నగా కనిపిస్తది గానీ దాంతో ఆ ఇంట్లో పశువును ఎట్ల చూసుకున్నారో మొత్తం బయటికొస్తది.

ఆడవాళ్ళని వేరేగా అడగాలి, ఇది ఖచ్చితంగా చెప్తున్నా. తాత పక్కన కూర్చుంటే నానమ్మ మాట్లాడదు, ఆయనే అన్నీ చెప్తాడు, ఆయనకు తెలియనివి కూడా చెప్తాడు. పశువులు, పొలం, పెద్ద అంగడి ఆయన సబ్జెక్ట్ అనుకోండి, కానీ ఇంటికి వచ్చిన గాజులాయన, కుండలు తెచ్చిన ఆమె, ఎండు చేపలు, ఉప్పు బండి, పాలు నెయ్యి కోడిగుడ్లు అమ్మిన పైసలు ఎక్కడ దాచుకున్నది, ఇవన్నీ ఆమెవే. గింజలు పోసి ఏమేం కొనేదానివి అని అడగండి. ఉప్పుకు ఎన్ని జొన్నలు, కుండకు ఎన్ని వడ్లు, కుండ నిండా పోస్తే కుండ నీదా, అట్ల. తాత అటు వాకింగ్‌కి పోయినప్పుడు మంచి టైం.

కొలతల దగ్గర కొంచెం ఓపిక కావాలి. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డెడు, కుంచం, తూము, పుట్టి, ఇవి ఊరు ఊరుకూ కొంచెం కొంచెం మారేవి, అందుకని నెట్‌లో టేబుల్ చూసి వాళ్ళని సరిదిద్దకండి. మామూలుగా నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అని లెక్క, కానీ మీ తాత వేరేగా చెప్తే అదే రాసుకోండి, అది వాళ్ళ ఊరి లెక్క. కొలిచేటప్పుడు తలకొట్టి కొలిచేటోళ్ళా గోపురంలా పోసేటోళ్ళా అడగండి, అప్పు ఇచ్చేటప్పుడు ఒక మానిక, తీసుకునేటప్పుడు ఇంకో మానిక వాడిన సేట్ల ముచ్చట్లు అక్కడే బయటపడతాయి. ఇంకొకటి, రాశి కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా "లాభం" అని, తర్వాత రెండు, మూడు అని లెక్కపెట్టేటోళ్ళు. దాన్ని నోటితో అనిపించి రికార్డ్ చేయండి, ఆ లెక్కపెట్టే రాగం కాగితం మీద రాదు. ఇంట్లో పాత ఇత్తడి సోల గానీ ఇనుప మానిక గానీ ఉంటే చేతికివ్వండి, ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించండి. చేతిలో వస్తువుంటే జ్ఞాపకం తొందరగా కదులుతది.

పైసల సంగతి హైదరాబాద్ వాళ్ళకు ఇంకా స్పెషల్, ఎందుకంటే మనకు నిజాం కాలంలో సొంత రూపాయి ఉండేది. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషోళ్ళ కల్దార్ ఒకటి, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ లెక్క. బాగా పెద్ద వయసు వాళ్ళయితే బార్డర్ ఊళ్ళల్లో ఈ రెండూ ఎట్ల మార్చుకునేటోళ్ళో చెప్పగలరు. కొంచెం చిన్నవాళ్ళకు అణాల లెక్క గుర్తుంటది, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, అంతకుముందు రూపాయికి 16 అణాలు. "చారాణా కోడికి బారాణా మసాలా" అని ఇప్పటికీ అంటాం కదా, ఆ చారాణాకు నీ చిన్నప్పుడు ఏమొచ్చేది నానమ్మా అని అడిగితే లిస్ట్ మొదలైతది. ఐర్లాండ్‌లో అయితే పెన్నీలు పన్నెండయితే ఒక షిల్లింగ్, ఇరవై షిల్లింగులు ఒక పౌండ్, 1971 ఫిబ్రవరిలో మార్చారు. 1928లో వాళ్ళ సొంత నాణేలు వచ్చినప్పుడు వాటి మీద రైతు ఇంట్లో ఉండే జంతువులే ఎక్కువ వేశారు, పెన్నీ మీద పిల్లల కోడి, అర్ధ పెన్నీ మీద పిల్లలతో పంది, షిల్లింగ్ మీద ఎద్దు. గుడ్లు అమ్ముకున్న ఆమె చేతిలోకి కోడి బొమ్మ పైసలు వచ్చేవన్నమాట.

కష్టమైన భాగం అప్పులు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, కానీ వదిలేయొద్దు. ఐర్లాండ్‌లో దుకాణం నడుపుతూనే అప్పులిచ్చి, వడ్డీ మీద వడ్డీ వేసి, రైతు ఎక్కడికీ పోకుండా కట్టేసుకునే సేట్లు ఉండేటోళ్ళు, అప్పున్నోడు వేరే దుకాణంలో కొనడానికి లేదు, వాళ్ళు చెప్పిన రేటుకే కొనాలి, వాళ్ళు చెప్పిన రేటుకే అమ్మాలి. ఉత్తరాన అల్‌స్టర్ వైపు అయితే మే నెలలో, నవంబర్‌లో లెటర్‌కెనీ, స్ట్రబేన్ లాంటి టౌన్లలో కూలి అంగడి జరిగేది, పదీ పన్నెండేళ్ళ పిల్లలు కూడా మూట పట్టుకొని నిలబడితే రైతులు వచ్చి ఆరు నెలలకు జీతం మాట్లాడుకొని తీసుకపోయేటోళ్ళు. మన దగ్గర నాగు వడ్డీలు, వెట్టి, జీతం ఉన్న పిల్లలు, దొర గడీకి పైసా తీసుకోకుండా సామాన్లు ఇచ్చుకోవాల్సి రావడం, ఇవన్నీ అదే కాలం సంగతులు. అందరూ మేర (చేసిన పనికి పంటలో ఇచ్చే గింజల వాటా) తీసుకొని కలిసి బతికారని ఒకరంటారు, కల్లం దగ్గర ఊడ్చిన గింజల కోసం నిలబడ్డామని ఇంకొకరంటారు, ఇద్దరి మాటా రాయాలి. మీ ఇల్లు ఇచ్చిన వైపు ఇల్లయితే, తీసుకున్న వైపు ఇంట్లో పెద్దమనిషిని కూడా అడగండి, లేకపోతే మీ నోట్‌బుక్‌లో సగమే ఉంటది. అడిగే పద్ధతి మాత్రం నెమ్మదిగా ఉండాలి, "మీకు అప్పుండేదా" అని అడగొద్దు, "ఊళ్ళో ఉద్దెర ఎవరు ఇచ్చేటోళ్ళు, ఎప్పుడు తీర్చాలి" అని ఊరి మీద పెట్టి అడగండి, వాళ్ళకు చెప్పాలనిపిస్తే ఇంటిదాకా వాళ్ళే వస్తారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఫోన్ ఆపేయండి, కాసేపు పక్కన కూర్చోండి, ఆ రోజుకి చాలు.

ఇప్పుడు రికార్డింగ్ గురించి. కొత్త మైక్ ఏం అక్కర్లేదు, ఫోన్‌లో ఉన్న వాయిస్ రికార్డర్ సరిపోతది, కానీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టకండి, వినేటప్పుడు గాలి మోతే వినిపిస్తది, ఎండాకాలంలో ఫ్యాన్ తప్పదు కాబట్టి ఫోన్‌ని వాళ్ళకు దగ్గరగా మెత్తటి టవల్ మీద పెట్టండి. పొద్దున టిఫిన్ అయ్యాక, కుక్కర్ పెట్టకముందు మంచి టైం, సాయంత్రం సీరియల్ టైంలో ఎంత అడిగినా రాదు. గంట కంటే ఎక్కువ కూర్చోబెట్టకండి. రికార్డ్ చేస్తున్నానని, ఎవరెవరు వింటారో ముందే చెప్పండి, ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టొచ్చా అని కూడా అడగండి, ఫలానా వాళ్ళ పేరు తీసేయమంటే తీసేయండి.

నోరు పెగలకపోతే ఒకసారి బయటికి తీసుకపోండి. మోకాళ్ళు బాగుంటే బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల వైపు, లేదంటే మోండా మార్కెట్‌లో పొద్దున్నే, పాత వస్తువులు చూపించాలంటే గురువారం జుమేరాత్ బజార్. జియాగూడలో మేకల మండి దగ్గర బేరాలు వింటే మా ఊళ్ళోనైతే ఇట్ల కాదు అని వాళ్ళే మొదలుపెడతారు, ఆ మాట కోసమే తీసుకపోవడం. నడవలేని వాళ్ళకు ఇంటికి వచ్చే కూరగాయల బండి ఆయనతో బేరం ఆడమని వదిలేయండి, కొసరు అడిగే తీరు చూస్తే మీకే తెలుస్తది ఎంత ప్రాక్టీస్ ఉందో, అప్పుడు పక్కనే నిలబడి బోణీ గురించి అడగండి. పొద్దున బోణీ కాకముందు ఉద్దెర ఇచ్చేటోళ్ళా, ఏ వారం పైసలు చేతినుంచి బయటికి పోనిచ్చేటోళ్ళు కాదు, దీపం పెట్టినంక ఉప్పు, పెరుగు, సూది ఇచ్చేటోళ్ళా. ఐర్లాండ్‌లో కూడా మే 1న ఇంట్లోంచి నిప్పు గానీ పాలు వెన్న గానీ బయటికి ఇచ్చేటోళ్ళు కాదు, ఇస్తే ఆ ఏడాది అదృష్టం వాటితోపాటు పోతదని. ఇట్లాంటి నమ్మకాల దగ్గర నవ్వకండి ప్లీజ్, ఒక్కసారి నవ్వితే ఆ తర్వాత ఇంకేం చెప్పరు.

పిల్లలుంటే ఈ పని వాళ్ళకే ఇవ్వండి, నిజానికి ఇది చాలా ముఖ్యం. ఐర్లాండ్‌లో పెద్ద పెద్ద స్కాలర్లు కూడా ఊరూరా తిరిగారు, కానీ సొంత మనవరాలు అడిగితే చెప్పే తీరు వేరు. మనం అడిగితే "నీకు తెల్వదా" అంటారు, ఎనిమిదో క్లాస్ పిల్ల అడిగితే మొదటినుంచి విడమరచి చెప్తారు, ఎందుకంటే ఆ పిల్లకు అంగడి అంటే ఏంటో కూడా చెప్పాలి కాబట్టి. సమ్మర్ హాలిడేస్‌లో రోజుకొక ప్రశ్న, ఒక లాంగ్ నోట్‌బుక్, చాలు. స్పెల్లింగులు దిద్దకండి, నానమ్మ పైసల పెట్టెను "గల్ల" అంటే గల్ల అనే రాయనివ్వండి, కింద అర్థం వేరేగా రాసుకోవచ్చు. తెలుగు రాయడం రాని పిల్లలైతే వాళ్ళు అడగనివ్వండి, మీరు రాయండి.

ప్రతి ముచ్చట కింద ఆ ఐరిష్ పిల్లలు రాసినట్టే రాయాలి: చెప్పిన వాళ్ళ పేరు, వయసు, ఊరు, రాసిన వాళ్ళ పేరు, తారీఖు. మన దగ్గర అయితే పుట్టిన ఊరు, పెళ్ళయి వచ్చిన ఊరు రెండూ రాయండి, మండలం జిల్లా పాతవీ కొత్తవీ రాయండి, ఎందుకంటే 2016లో జిల్లాలు మారాక ఒకే ఊరు పాత కాగితాల్లో మెదక్ అని, కొత్తవాటిలో సంగారెడ్డి అని కనిపిస్తది. అది వాళ్ళు కళ్ళతో చూసిందా, వాళ్ళ అమ్మ చెప్తే విన్నదా, అది కూడా ఒక్క ముక్క రాసిపెట్టండి. ఒకే సంగతి ఇద్దరు వేరే వేరేగా చెప్తే ఏది కరెక్ట్ అని తేల్చే పని పెట్టుకోకండి, రెండూ ఉంచండి.

ఫైల్ పేరు రికార్డింగ్ 47 అని వదిలేస్తే మీకే దొరకదు, పేరు ఊరు టాపిక్ తారీఖు పెట్టి అదే రోజు మార్చేయండి. వాట్సాప్‌లో పంపిన ఆడియో ఫోన్ మారిస్తే పోవచ్చు, కాబట్టి డ్రైవ్‌లో ఒక కాపీ, పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ, రాసిన నోట్‌బుక్ జిరాక్స్ తీయించి ఊళ్ళో ఉన్న చిన్నాన్న ఇంట్లో ఒకటి పెట్టండి. అక్కడ పెట్టిన కాపీ ఊరోళ్ళు చూసి, కాదు కాదు మా అవ్వ ఇట్ల చెప్పింది అంటారు, ఆ అవ్వ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఖాళీ నోట్‌బుక్ ఇంకోటి తీసుకపోండి.